మూడంచులు కలిసేచోట

పర్లాకిమిడిలో రాత్రి రెండింటికి కరెంటొచ్చింది.
పంపు మూతకి నలభై ఒక్క అంచులు.
ముప్పై ఆరు గుండ్రబడ్డాయి.
మూడు గోడలు ముక్కులు రాసుకునే మూల దగ్గర
స్క్రిప్టు మళ్ళీ చచ్చింది,
ఉపరితలం
చంక కింద చిరిగిన చొక్కా.

పొద్దున్న దండాసి మహారాణా కొట్లో
కొమ్ముకొంగ మెడ మీద ఆకురాయి ఆడుతోంది.
"పెద్ద వంపు ముందు, చిన్నది తర్వాత.
మూల ఆఖర్న.
రానంటే తొయ్యకు, ఇరిగిపోద్ది"
సగం ఒడియాలో అన్నాడు, తలెత్తకుండానే.

వరస మార్చాను.
వ్యాసార్థం పట్టకపోతే సగం చెయ్యి,
సగమూ పట్టకపోతే వదిలెయ్యి,
కానీ ఆ అంచు నంబరు రాసిపెట్టు,
దొంగలా దాటిపోకు.

ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది.
చివర ఒకటే వాక్యం:
ముప్పైయేడో అంచు, కాలేదు.

దాన్ని చేత్తో చూసుకుంటాను.
వేళ్ళకింకా కొమ్ముపొడి,
కాలిన వెంట్రుకల వాసన.