గాలి మాత్రమే

వైజాగ్ బస్సు దిగి ఇల్లు చేరేసరికి
పద్మారావునగర్‌లో నల్లా వచ్చే వేళ.
ముందు స్నానం నాకు కాదు, వాటికి.
నీలం డ్రమ్ములో మంజీర నీళ్ళు పట్టి
సముద్రాన్ని నానబెడతాను.

బోరు నీళ్ళు వద్దు. వాటిలోనూ ఉప్పే,
ఈ రాతి నేల ఎన్నాళ్ళగానో దాచుకున్న
ఊరూ పేరూ లేని ఉప్పు.

రెగ్యులేటర్‌కి మూత బిగించాకే ముంచాలి.
నీళ్ళలో ఉండగా బొత్తాం నొక్కకూడదు.
"నిద్దరోతున్న పిల్ల నోట్లో నీళ్ళోసేస్తావేటమ్మా?"
అని అరిచేవాడు, ఈత నేర్పిన అప్పలకొండ.
నలభై ఆరేళ్ళ నా చెవులు ఎర్రబడేవి.

తడి సూటు సన్నటి హ్యాంగరు ఒప్పుకోదు,
భుజాల దగ్గర మడత పడితే ఇక అంతే.
జనరల్ బజార్‌లో వెతికి వెతికి
షేర్వానీ హ్యాంగరు తెచ్చాను.
"పెళ్ళికొడుకు ఎత్తెంత మేడమ్?" అన్నాడు కొట్టువాడు.
నా ఎత్తే చెప్పాను.
ఇప్పుడు బాత్రూం తలుపు వెనక, ఎండ పడని చోట,
లోపలిది బయటికి తిరగేసుకుని
నా కొలతల మనిషొకరు
రాత్రంతా చుక్కలు చుక్కలుగా కారుతుంటారు.

జాకెట్‌లో కాస్త గాలి ఊది వదిలేయాలి,
లోపలి పొరలు ఒకదాన్నొకటి అంటుకోకుండా.
ఫిన్స్ గోడకి నిలబెడితే మొనలు వంగుతాయి,
సజ్జ మీద బతుకమ్మ తాంబాళం పక్కన పడుకోబెట్టాను.
మాస్కు దాని డబ్బాలో.
మౌత్‌పీస్ అంటే బొద్దింకలకి ఎంత ప్రేమో
ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఇక సిలిండర్.
నిలబెట్టి, మంచం కోడుకి కట్టి,
పొయ్యికి దూరంగా.
పూర్తిగా ఖాళీ చేయకూడదు.
కొంచెం ఊపిరి మిగలాలి లోపల,
తేమ చొరబడకుండా.

ఆ మే నెల, ఊరంతా ఊపిరి కోసం లైను కట్టినప్పుడు
రాత్రి రెండింటికి తలుపు కొట్టింది
మూడో అంతస్తు ఫర్హీన్.
కాళ్ళకి చెప్పుల్లేవు.
"మీ ఇంట్ల సిలిండర్ ఉందంట ఆంటీ. వాచ్‌మన్ చెప్పిండు."

ఇది ఆక్సిజన్ కాదమ్మా. గాలి.
మనం ఇప్పుడు పీల్చుతున్నదే.

"మీరు దాంతోని నీళ్ళల్ల బతుకుతరు కదా?"

నా దగ్గర జవాబు లేదు.
ముల్లు చూశాను, యాభై.
ఇద్దరం చెరోవైపు పట్టి మెట్లెక్కించి
వాళ్ళ అబ్బా మంచం పక్కన నిలబెట్టాం.
ఎవరూ తెరవలేదు.
ఆయన మాత్రం తెల్లారేదాకా
దాని మెడ మీద చెయ్యి తీయలేదు.
ఆరున్నరకి అంబులెన్స్ దొరికింది.

ఇప్పటికీ మెట్ల మీద కనిపిస్తే
ఆగి, ఆయాసం తీర్చుకుని అడుగుతారు:
"సముందర్ కైసా హై?"

తర్వాత సిలిండర్ మీద పెయింటుతో రాశాను,
గాలి మాత్రమే.
కింద ఫర్హీన్ ఉర్దూలో అదే రాసింది.
అక్షరాలు ఎదురెదురుగా నడిచొచ్చి
వాల్వ్ కింద ఆగాయి.

ఈ ఏడు టెస్టుకి పంపాలి. ఖాళీ చేసి పంపమన్నారు.
పొద్దున బాల్కనీలో పెట్టి
వాల్వ్ నెమ్మదిగా తిప్పాను.
రుషికొండలో నింపిన గాలి.
ఏదో వాసన వస్తుందని ముఖం దగ్గర పెట్టుకున్నాను,
రాలేదు. చల్లగా ఉంది, అంతే.
చప్పుడుకి రెయిలింగ్ మీది పావురాలన్నీ
ఒక్కసారి లేచి,
ఎదురింటి ట్యాంకు మీద
మళ్ళీ అదే వరసలో కూర్చున్నాయి.