పన్నెండు క్యాన్ల సముద్రం

పదకొండు నెలల క్యాన్ బాకీ కింద
పండ్ల డాక్టరు ఈ అద్దాల తొట్టి ఇచ్చిండు.
నల్లగొండ గడియారం సెంటర్ల క్లినిక్కు ఎత్తేసి పోతూ
"పైసల్లేవు అండాలమ్మా, చేపలున్నయ్" అన్నడు.
సైదులు ట్రాలీ ఆటోల తెచ్చిండు,
ఖాళీ క్యాన్ల నడుమ, తడి గోనెసంచి కప్పి.
చండూరు దాక ఒక్క గుంతల గూడ
బండిని ఎగరనియ్యలే.

మా బోరు నీళ్లల్ల ఏముందో
నేను చెప్పుడు అక్కరలేదు.
నవ్వే పోరగాండ్ల పండ్లు చెప్తయి.
మెడ బిగిసి, చెంబెత్తలేక
గిన్నెకు నోరు వంచే ముసలోళ్లు చెప్తరు.
ఆ నీళ్లను పొరలల్ల దూర్చి, పిండి,
ఉన్నదంత తీసేసి
క్యాను పది రూపాయలకు అమ్ముత.
ఇప్పుడు షట్టరు దింపినంక
అవే నీళ్లల్ల మళ్ల ఉప్పు కలుపుతున్న,
క్యానుకు ఏడు వందల గ్రాములు,
తక్కెట్ల తూచి, కర్రతోని తిప్పి.
సముద్రం నేనెన్నడు చూడలే.
డాక్టరు రాసిచ్చిన చీటి చూసి వండుతున్న.

నాలుగో వారం
పసుపుపచ్చ చేప ఒంటి మీద
చిటికెడు రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు.
బర్రె కంచెకు ఒరుసుకున్నట్టు
రాళ్లకు ఒరుసుకుంటున్నది.
స్టోరుల ఒక చిన్న నీలిదీపం ఉండె,
స్టీలు గొట్టం, లోపల గాజు తొడుగు, తొడుగుల దీపం.
తెచ్చి బిగిచ్చిన.

ప్లాంటుల దీపం పక్కకెల్లి నీళ్లు ఉరుకుతయి,
పొద్దుగాల ఆరింటికే క్యాన్ల లైను గద!
ఇక్కడ ఉరకనియ్యొద్దు.
వాల్వు తిప్పి, తిప్పి,
ధారను దారం చేసిన.
ఆ వెలుగు ముందర పురుగు జర నిలవాలె,
నిలిస్తెనే దాని పని అయితది.
"కంటితోని చూడకు" అన్న సైదులుతోని.
వాడు చూడొద్దన్నదే చూసే రకం,
అందుకని గొట్టానికి నల్లగుడ్డ చుట్టిన.

దీపం ఎంత మంచిదైనా
తన ముందుకెల్లి పోయినదాన్నే చంపుతది.
చేప తోలుల దిగినదాన్ని,
అడుగు ఇసుకల పండుకున్నదాన్ని
ఏం జెయ్యలేదు.
అవి ఎప్పుడు లేస్తయో, ఎప్పుడు ఈదుకుంట
గొట్టంలకు వస్తయో.
రాత్రి రెండింటికి లేచి కూసున్న.
మోటరు గురక.
కరెంటు పోతే నా గుండె గూడ ఆగుతుండె.

పసుపు చేప ఎనిమిదో నాడు పోయింది.
సైదులు క్యాన్ మూతల పెట్టి తీస్కపోయిండు,
ఎక్కడ పెట్టిండో అడగలే.
నారింజ జంట బతికింది.

దీపాలమ్మే ఆయన ఫోన్ల చెప్పిండు:
"ఏడాది దాటితే వెలుగుతది గని
చంపదమ్మా.
నీలంగనే ఉంటది. చూసేటోళ్లకు
ఏ తేడా కనబడది."

ఫోను పెట్టి
ప్లాంటులకు పోయిన.
పెద్ద దీపం నీలంగ, సల్లగ, బుద్ధిమంతునోలె
వెలుగుతున్నది.
ఎప్పుడు మార్చిన?
లెక్కల పుస్తకం తిరగేస్తే
రెండేండ్ల నాలుగు నెలలు.
రెండేండ్లు ఊరు తాగే నీళ్ల మీద
ఉత్త వెలుగు.

ఎవరికి ఏం కాలే.
కాలేదనే అనుకుంటున్న.
పోయిన వానకాలం బుగ్గయ్య ఇంట్ల
నలుగురికి కడుపులు పోయినయి.
పానీపూరి అన్నరు.
నేను గూడ పానీపూరే అన్న.

రెండు దీపాలు తెప్పిచ్చిన, పెద్దదొకటి చిన్నదొకటి.
గాజు తొడుగు మీది సున్నపు పొర
నిమ్మకాయతోని రుద్ది కడిగిన.
గొట్టాల మీద ఎర్ర పెయింటుతోని
తారీఖు రాసిన, దూరంకెల్లి కనబడేటట్టు.

తెల్లారి బుగ్గయ్య భార్య క్యాను పెట్టి
పది రూపాయలు చాపింది.
తీసుకోలే.
"ఎందుకే?" అన్నది.
"పాత బాకీ ఉంది" అన్న.
ఎవరిదో చెప్పలే.
ఆమె నా ముఖం చూసి, ఎర్ర అంకెలు చూసి,
క్యాను సంకనెత్తుకుని పోయింది.
లోపల
పన్నెండు క్యాన్ల సముద్రం
గురక పెట్టుకుంటనే ఉంది.