జొన్నగింజంత

తెల్లారుజామున నాలుగింటికి
ఎయిర్‌పోర్టుల సవారీ దించి
ఖాళీగ మళ్లిన.
తుక్కుగూడ దాటినంక ముందట టిప్పరు,
కంకర మీద పట్టా కప్పలే.
టక్కుమన్నది.
చిటికేసినంత సప్పుడు, గంతే.
టిప్పరు వెనక రేకు మీద
'దూరం పాటించు' అని రాసుంది,
నంబరు మీదనేమో మట్టి.
పక్కకాపి చూస్తే
అద్దం మీద జొన్నగింజంత చుక్క.

పొద్దెక్కింది.
లోపట ఏసీ, బయట మే నెల.
చుక్కకు కాళ్లొచ్చినయి.
మాదాపూర్ చేరేసరికి జానెడు,
తెల్లారి మూరెడు.

వెనక సీట్ల కూసున్నోళ్లంత
అద్దాల డాక్టర్లే.
ఒకాయన గోళ్లరంగు పుయ్యమన్నడు.
ఒకామె ఏసీ బందువెట్టమన్నది,
రెండు నిమిషాలకు తనే పెట్టమన్నది.
ఎస్సార్ నగర్ల ఎక్కిన పిలగాడొకడు
ముందుకు వంగి చూసి,
"అంకుల్, మూసీ మ్యాపుల గిట్లనే ఉంటది" అన్నడు.
గప్పటిసంది నాకది పగులు లెక్క కొడ్తలేదు.
వైపరు కాడ పుట్టి
నా కుడికన్ను ముందట ఒంపు తిరిగి పారుతున్నది.

బండి నాది కాదు.
బోయిన్‌పల్లి అనంతరాములు సేటుది,
దినాం తొమ్మిదొందల కిరాయి.
ఫోన్ జేసి చెప్పిన.
జరసేపు ఊకున్నడు.
"బండి నాది, దానియేలూ. రాయి నీది."

ఇంజన్ పోతే ఆయన,
టైరు పోతే సగం సగం,
అద్దం సంగతి రాసుకోలే.
రాసుకోనిదంత నాదేనంట.
ఇన్సూరెన్సున్నది గద సేటూ అంటే
క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు బోనస్ పోతది,
గా నాలుగువేలు నువ్విస్తవా అన్నడు.

అయినా కంపెనీకి చేసిన.
పిల్ల మంచిగనే మాట్లాడింది,
సార్ సార్ అనుకుంట.
రాయి ఎటునుంచొచ్చింది సార్?
సాక్షులు ఎవరైనా ఉన్నారా సార్?
నాలుగింటికి ఎవలుంటరమ్మా,
నేను, రాయి.
పాలసీ ఎవరి పేరు మీదుందో వాళ్లతో చేయించండి సార్.

రాత్రి రసూల్‌పురల, కరెంటు పోయిన గదిల,
సువార్త నేను లెక్కలేసినం.
అసలు అద్దం ఎనిమిది వేల ఆరొందలు.
నకిలీది నాలుగు వేల మూడొందలు, బిగింపుతోటి.
రెండు దినాలు బండి నిలవడ్తే దాని కిరాయి.
ఎటు తిప్పినా
అంకెలన్నీ జారి జారి నా దిక్కే వస్తున్నయి,
వాన నీళ్లు మా గల్లీలకు వచ్చినట్టు.
"చిట్టి ఎత్తుదామా" అన్నది సువార్త.
నేనేం అనలే.
ఆమె సెల్లోటేపు తెచ్చి
పొద్దుగాల్నే మూసీ మీద కట్టేసింది.

సేటుకు సంగారెడ్డిల ఏదో పనివడ్డది.
ముందు సీట్లనే కూసున్నడు, మొక్కజొన్న బుక్కుకుంట.
పటాన్‌చెరు దాటినంక
పొద్దు సక్కగ ఎదురొచ్చింది.
పగుల్లవడ్డ ఎండ
ఆయన మొకం మీద నాలుగు ముక్కలైంది.
కండ్లకు చెయ్యడ్డం పెట్టుకున్నడు.
తీసిండు, మల్ల పెట్టిండు.
కంది దాక మాట్లాడలే.
"ఎంతన్నవ్?"
చెప్పిన.
పదిహేనొందలు తీసి గేరు కాడ పెట్టిండు.
అప్పనలే, ఇచ్చుడనలే.
నేను గుడ అడగలే.
అడిగితే ఏదో ఒకటి అయితది.

రాణీగంజ్‌ల జహంగీర్ భాయ్
రబ్బరు కోసి పాత అద్దం లేపిండు.
అది ఇరుగలే, దుప్పటి లెక్క వంగింది.
కింద వైపరు గాడిల వేలు పెట్టి గీకి,
ఎండుటాకులు, ఒక టోల్ చిట్టీ,
ఒక నల్లటి రవ్వ తీసి
నా అరచేతుల పెట్టిండు.
"లేవయ్యా, నీ పార్టీ దొరికిండు. పైసలడుగు."

నకిలీ అద్దంల రోడ్డు జర ఊగుతది,
వారంల అలవాటైతది అన్నడు.
వారమైంది.
కరెంటు స్తంభాలింకా
నీళ్లల నిలవడ్డట్టే ఉన్నయి.
నేను కట్టింది రెండువేల ఎనిమిదొందలు,
చిట్టి ఎత్తినం.

రవ్వ డ్యాష్‌బోర్డు మీద, బైబిలు పక్కన.

ఇగో, ముందట టిప్పరు.
పట్టా లేదు.
నేను బండి నెమ్మది చేస్త, ఇంకింత చేస్త,
మా నడుమ ఒక బస్సు పట్టేంత జాగ ఇడుస్త.
వెనకోడు హారన్ మీద హారన్ కొడ్తున్నడు.
కొట్టనియ్.
వాని అద్దం ఇంకా కొత్తగుంది.