ఏడువందల యాభై ఐదు

మూడోసారి కూడా అదే మాట.
అనుమతి లేదు.

పొద్దున పది గంటలకు నా చేత్తో నేనే రాసిన ఫైలు
నన్నే గడప దాటనీయడం లేదు.
అనంతపురం, భూగర్భజల శాఖ, వెనక గది.
పైన కిరకిరమనే ఫ్యాను, కింద మేం ముగ్గురం:
నేను, విండోస్ కంప్యూటరు,
బోరు కాగితం కోసం నిన్నట్నుంచీ బెంచీ మీదున్న కుళ్ళాయప్ప.

పెన్ డ్రైవులో వచ్చింది కొత్త సాఫ్టువేరు.
యూనిక్స్ పద్ధతిది, విండోసులో ఉండమన్నారు.
బళ్ళారి నుంచి వచ్చే కన్నడ బస్సు బోర్డు మాదిరి
అక్షరాలు మనవే అనిపిస్తాయి,
ఊరి పేరు మాత్రం కూడబలుక్కోవాలి.
ఇటు వంగాల్సిన వాలుగీత అటు వంగుతుంది.

రైట్ క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్నని చెప్పుకున్నా.
నమ్మింది. వసారా దాకా రానిచ్చింది.
యాంటీవైరస్‌ను ఒక గంట పడుకోబెట్టా.
రీస్టార్ట్ చేసి, ఆ సందులో
ఉగ్గాణి పొట్లం విప్పి
ఒక మిరపకాయ బజ్జీ కుళ్ళాయప్పకిచ్చా.

నల్ల తెరలో ఫైళ్ళ జాబితా అడిగితే
ఒక్కోదాని ముందు తొమ్మిది అడ్డగీతలు.
చదవడానికి లేదు, రాయడానికి లేదు, నడపడానికి లేదు.
యజమానికి లేదు, గుంపుకు లేదు, మిగతా లోకానికీ లేదు.
యజమాని పేరుండాల్సిన చోట
గూడ్సు బండి మాదిరి ఒక పొడుగు అంకె.

"ఏమంటాంది?"
"నాది కాదంటాంది."
"రాసింది నువ్వే గదమ్మా?"
"నేనే."
"మరి ఎవురిదంట?"
"లేనోళ్ళదంట."

కుళ్ళాయప్ప చేతి నూనె తువ్వాలుకు తుడుచుకుని
ప్లాస్టిక్ కవర్లోంచి పాసుపుస్తకం జిరాక్సు తీశాడు.
"ఇట్లనేనా?
మూడెకరాల ఇరవై సెంట్లు.
దున్నేది నేను, బుడ్డలు విత్తేది నేను, పీకేది నేను.
పేరు మా జేజినాయనది.
పోయి ముప్పైరెండేండ్లాయ.
ఆఫీసులో ఆయప్ప ఇంగా బతికే ఉండాడు.
సంతకానికి ఆయప్పే రావాలంట."

అప్పుడు తట్టింది.
ఆదెప్ప సారు!
ఈ కుర్చీలో పద్నాలుగేండ్లు కూచున్న మనిషి.
మడకశిరకు బదిలీ అయినంక ఆయన లాగిన్ చెరిపేసింది నేనే.
పేరు పోయింది, అంకె మిగిలింది.
ఫోల్డరు మాత్రం ఆయన హుకుమే పాటిస్తోంది,
అందులో నేనేం పెట్టినా
పుట్టీ పుట్టగానే ఆయన కట్టుబాటులోకి పోతోంది.

ఫోన్ చేశా. "సార్, మీ నీటిమట్టాల ఫోల్డరూ..."
"నేనెప్పుడో ఇడిస్తినమ్మా," అన్నాడు,
"దానికెవురూ చెప్పలేదేమో."

చెప్పా. యజమాని గడిలో నా పేరు రాశా,
పైనుంచి దిగే వారసత్వం తెగ్గొట్టా.
ఇంక అంకె కొట్టాలి.
నాలుగు చదవడం, రెండు రాయడం, ఒకటి నడపడం.
కలిపితే ఏడు, నాకు.
ఐదూ ఐదూ వచ్చేపోయేవాళ్ళకు.
ఎప్పటిలాగే పైకి అనుకుంటూ కొట్టా.

కుళ్ళాయప్ప బెంచీ మీంచి లేచాడు.
"ఏడునూర్ల యాభై ఐదా?
మా చేన్లో మూడో బోరు అన్నే అడుగులు.
తిరుచెంగోడు లారీ రెండు రాత్రులు కొట్టె.
దుమ్ము లేసె. తెల్లటి దుమ్ము.
పిల్లోళ్ళు పౌడరని పూసుకునిరి."

ఎంటర్ నొక్కా.
అడ్డగీతల నడుమ అక్షరాలు మొలిచాయి.
ప్రోగ్రాము నడిచింది.
వాళ్ళ మండలం గీత తెర మీద పడింది:
ఎడమ నుంచి కుడికి దిగుతా, దిగుతా,
వాన పడిన ఒక్క ఏడు రొంత తలెత్తి
మళ్ళీ దిగుతా.

ఇప్పుడు చదవగలను. రాయనూగలను.
నివేదికలో ఆఖరి గడి ఖాళీగా ఉంది,
అందులో కర్సరు కొట్టుకుంటోంది.

కుళ్ళాయప్ప గీత వైపు చూడలేదు.
జిరాక్సు నాలుగు మడతలు పెట్టి
"అమ్మా, ఇప్పుడేదో కొడితివే, పేరు మార్చేది,
అది తాసీల్దారాఫీసు మిషన్లో గూడా పడతాదా?"
అన్నాడు.