తాజా సరుకు

గ్రిమ్స్‌బీ రేవు పక్కన
చేపలకు పొగబెట్టే పాత కొట్టుకి
సున్నం కొట్టి గ్యాలరీ అన్నారు.
వాన పడితే గోడలది ఇంకా హెరింగ్ వాసనే.

శనివారం లినో క్లాసు.
డోరీన్‌ది నలభై ఏళ్లు కాడ్ పొట్టలు చీల్చిన చెయ్యి,
ఉలి పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు.
"నీకేసి కాదు, అవతలికి తొయ్యి" అని
నా వేళ్లు సర్దింది.

నేను 'ళ' చెక్కాను.
సిరా పూసి, కాగితం పరిచి,
గరిటె వీపుతో రుద్ది ఎత్తితే
అక్షరం అటు తిరిగి పడుకుంది.
నాలుక్కరుచుకున్నాను.

డోరీన్ కళ్లద్దాలు నెత్తికి తోసి
చాలాసేపు చూసింది.
"ఇదేం చేప?"

ఎగ్జిబిషన్ నాడు తలుపు పక్కనే తగిలించారు.
పేరుండాల్సిన చీటీలో
ఆవిడ చేతిరాత:
పొద్దున్నే పడింది.