మంగళవారం సెలవు

వాల్‌పరైసోలో మా కొండకి మెట్లు నూట అరవై రెండు.
వాటిని తప్పించుకోడానికే జనం నాకు నాణెం ఇస్తారు.
లీవరు లాగుతాను. చెక్కపెట్టె మూలుగుతుంది.
ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంది,
నడిమధ్యలో రెండూ
పలకరింపుల్లేని వియ్యపురాళ్లలా దాటుకుపోతాయి.

ఇరవై ఏడేళ్లు.
"ఉద్యోగంలో ఏపాటి పైకెళ్లావ్?" అంటాడు
మా బావమరిది ఎవారిస్తో, వైను గ్లాసు మీంచి.
రోజుకి ఎనభై సార్లు, అంటాను.
నోల్వియా నవ్వు కనపడకుండా
ఉల్లిపాయల మీదికి వంగుతుంది.

నిజానికి ఆ ప్రశ్న రాత్రి దుప్పట్లోకీ వస్తుంది.
అరచేతిలో లీవరు పిడి మేరకి ఒక కాయ కాసింది.
అదే నా ప్రమోషను అనుకుని అటు తిరిగి పడుకుంటాను.

మంగళవారం సెలవు.
చేపలు పట్టొచ్చు. కప్పు కారుతోంది, చూడొచ్చు.
నోల్వియా మాట అనదు, బకెట్టు మాత్రం చూపిస్తుంది.
పక్క కొండకి నడిచిపోయి
ఒస్మాన్ నడిపే లిఫ్టు ఎక్కుతాను,
వాడు వద్దన్నా టికెట్టు కొని.

కిటికీ పక్కన కూచుంటాను, ఊరికే, సరుకు మూటలా.
తీగ కిర్రుమంటుంది. నాకేం? వాడి తీగ.

మా గదిలో కుర్చీ గోడవైపు వేసుంటుంది.
ఇన్నేళ్లూ సముద్రం నా వీపుకే తెలుసు.
ఇక్కడ మొహమ్మీదికే వస్తుంది:
తుప్పురంగు ఓడ,
దాని మీద ఎవడో చొక్కా ఆరేస్తున్నాడు.
వాడికీ ఇవాళ సెలవేనేమో.

పైకి చేరాక అందరూ దిగిపోతారు.
"ఏరా, ఇంకోసారా?" అంటాడు ఒస్మాన్.
జేబులో చిల్లర తడుముకుంటాను.