వెలుతురు పన్ను

స్టాంఫర్డ్ పెద్దవీధిలో
తేనెరంగు రాతి ఇల్లు.
ఎవరో ఉన్ని వ్యాపారి కట్టించాడట.
ఇప్పుడు బ్యాంకు.

వరుసలో నా ముందు ఏడుగురు.
తలెత్తితే
పైకప్పున సున్నపు ద్రాక్షగుత్తులు.
ఒక గుత్తి మధ్యలోంచి
పొగ పసిగట్టే తెల్లబిళ్ళ
ఎర్రగా కన్ను గీటుతోంది.

భోజనాల గది నడుమ అద్దాల అడ్డుగోడ,
చలి కాచుకున్న పొయ్యిగూట్లో అప్పుల కరపత్రాలు.
ఓక్ మెట్లు పైకి మలుపు తిరిగి
తాడు కట్టిన చోట ఆగిపోయాయి,
మాట మధ్యలో ఎవరో పిలిచినట్టు.
ద్రాక్షసారా దాచిన నేలమాళిగలో
లాకర్లు.
చల్లదనం మాత్రం అప్పటిదేనంది
కౌంటరులో మిస్ థర్లో,
స్వెట్టర్ బొత్తాలు పెట్టుకుంటూ.

వీధివైపు ఐదు కిటికీలు.
కాదు, నాలుగు.
ఐదోదాన్ని రాళ్ళతో పూడ్చేశారు
కిటికీకింతని పన్ను వేసిన కాలంలో.
చౌకట్టు ఉంది, పైన చెక్కిన రాయీ ఉంది,
చూపు లేదు.
ఆ ఏడాది ఎంత మిగిలిందో
లోపల కూర్చుని సూదిలో దారం ఎక్కించలేకపోయిన మనిషికి
ఎవరైనా చెప్పారో లేదో.

మొన్నెప్పుడో ఆ పూడికనే తొలిచి
ఏటీఎం బిగించారు.

రాత్రి వానలో మళ్ళీ వెళ్ళాను,
ఇరవై పౌండ్ల కోసం.
ఇంటి ముఖమంతా చీకటి.
ఆ ఒక్క కిటికీలోనే
దీపం.